దొడ్డిదారిన వచ్చిన సముద్రం

రేవు సర్వే ఆఫీసులో ఆవిణ్ణి అసలు పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. చేరిన కొత్తలోనే ‘లోతమ్మ’ అన్న పేరు అతుక్కుపోయింది. ఎవరేం చెప్పబోయినా ముందు ఆవిడ అడిగేది ఒకటే: “అక్కడ లోతెంత?” పడవ మునిగిందన్నా అదే ప్రశ్న, కొత్త గోదాము కడుతున్నారన్నా అదే ప్రశ్న. పక్క బల్ల గుమాస్తా తన కూతురికి సంబంధం కుదిరిందని సంబరంగా చెబితే పరధ్యానంలో “లోతెంత?” అనేసిందని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నిజమా అని అడిగితే ఆవిడ కూడా నవ్వుతుందే తప్ప అవుననదు, కాదనదు.

ఆవిడ చేరింది పటాలు గీసే పనికి. సర్వే పడవ సముద్రంలో తిరిగి లోతులు కొలుచుకొస్తే, ఆ అంకెల్ని చీమ తలకాయంత సైజులో పెద్ద పెద్ద కాగితాల మీద ఎక్కించాలి. కిటికీ పక్కన వాలుబల్ల, మోచేతుల కింద మెత్తటి గుడ్డ. సిరా చుక్క జారిందంటే పని మళ్ళీ మొదటికి. మిగతావాళ్ళకి ఆవులింతలు తెప్పించే ఆ పనిలో ఆవిడకి సముద్రం అడుగు కనపడేది. ఇక్కడ గుంట, అక్కడ గట్టు, అదిగో ఏరు సముద్రంలో కలిశాక కూడా అడుగున కొంత దూరం తన దారి తను తవ్వుకుంటూ పోయిన జాడ. ఎన్నడూ కాలుపెట్టని ఊరిని సందు సందూ ఎరిగినట్టు ఎరిగిందావిడ.

కంప్యూటర్లొచ్చినప్పుడు పటాలవాళ్ళంతా “ఇక మన పొయ్యిలో పిల్లి లేవదు” అని దిగాలుపడ్డారు. లోతమ్మ మాత్రం కుర్చీ లాక్కుని ఆ పెట్టె ముందు కూర్చుంది. మొదట్లో అది అడిగిందొకటి, ఈవిడ చెప్పిందొకటి. ఇంటికెళ్ళి మొగుడితో, “మీ అమ్మగారికంటే మొండిది దొరికిందండీ” అందట. ఆయన ఊళ్ళో బస్సు నడిపేవాడు. “అయితే నీకు అలవాటైన పనే కదా” అన్నాడట ఆయన. ఏడాది తిరిగేసరికి ఆ మొండిదాని చేత పని చేయించుకోవడం ఆవిడకి వచ్చింది. లెక్కలు సరిగ్గా రాకపోతే పక్క ఆఫీసులవాళ్ళు కూడా వచ్చి అడిగి వెళ్ళేవాళ్ళు.

ఇదిలా ఉండగా ఆఫీసుకి కొత్తగా వచ్చిన పెద్దసారు ఒకరోజు ఆవిణ్ణి పిలిచాడు. “ఏమ్మా, మన ఊరిని పాతకాలంలో ఓ పెద్ద అల తుడిచిపెట్టిందంటారు కదా. అది ఎలా వచ్చిందో, ఎక్కడిదాకా వచ్చిందో కంప్యూటర్లో మళ్ళీ నడిపించి చూడగలమా?”

ఆ అల సంగతి ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. తాతల తాతలనాడు సముద్రం లేచి నిలబడి, ఎదురుగా వచ్చి, ఊరిని మింగిందని చెప్పుకుంటారు. అందుకే ఒడ్డున ఎత్తైన గోడ కట్టారు. అందుకే కొత్త ఇళ్ళూ, బడీ, ఆటస్థలమూ అన్నీ ఊరి వెనక, ఏటి పక్కన, సముద్రం మొహం కనపడని పల్లపు చోట కట్టుకున్నారు. భూమి కంపిస్తే పరుగెత్తవలసిన చోటు ఆటస్థలమేనని వీధి వీధికీ బాణం గుర్తులు పెట్టారు. లోతమ్మ ఇల్లూ ఆ ఏటిగట్టు వీధిలోనే.

పని మొదలుపెట్టింది. చెప్పుకోడానికి అది సులువే. సముద్రాన్నీ ఊరినీ గళ్ళుగళ్ళుగా కోసి, ప్రతి గడికీ లోతో ఎత్తో ఇవ్వాలి. ఎక్కడో దూరాన సముద్రం అడుగున నేల పగిలి ఎంత లేచి ఉంటుందో అంచనా వేసి, ఆ మేరకు నీటిని ఎత్తి వదిలెయ్యాలి. ఆ తర్వాత లెక్క తన పాటికి తను నడుస్తుంది. లోతున్నచోట అల పరిగెడుతుంది. లోతు తగ్గేకొద్దీ ముందు నీరు నెమ్మదిస్తుంది, వెనక నీరు దాని మీదికెక్కుతుంది, అల ఎత్తు పెరుగుతుంది. ఒడ్డు గోడ ఆ అల తర్వాతే కట్టింది కనక, దాన్ని మాత్రం తీసేసి లోతమ్మ నడిపిన అల ఊరివాళ్ళు చెప్పుకున్నట్టే వచ్చింది. ఎదురుగా వచ్చి, ఒడ్డు దాటి, ముందు వీధుల్ని ముంచింది. ఏటి పక్కకి పెద్దగా రాలేదు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా విశ్వవిద్యాలయం నుంచి ఒకావిడ వచ్చింది. బోలు గొట్టాన్ని నేలలోకి దించి, లోపలి మట్టిని పొరలు చెదరకుండా పైకి లాగి చూడటం ఆవిడ పని. ఆఫీసువాళ్ళు ఆవిడకి ‘మట్టి డాక్టరు’ అని పేరు పెట్టారు. పెద్ద అల వెనక్కి పోతూ సముద్రపు ఇసుకని వదిలిపోతుంది. నల్లటి బంకమట్టి మధ్యలో ఆ తెల్ల ఇసుక చార ఎక్కడ ఎంత మందంగా ఉందో చూస్తే, నీళ్ళు ఎక్కడికి ఎలా వచ్చాయో తెలుస్తుంది. మట్టి డాక్టరు ఊరి ముందు తవ్వితే ఇసుక అంతంతమాత్రం. వెనక ఆటస్థలం దగ్గర తవ్వితే, గవ్వల ముక్కలతో సహా బెత్తెడు మందాన.

అంటే లెక్క ఒకటి చెబుతోంది, నేల ఇంకోటి చెబుతోంది.

పెద్దసారు మంచివాడే. కానీ పై నుంచి తొందర ఉంది. “నీటిని నేల ఎంత ఆపుతుందో చెప్పే ఆ గరుకుదనం అంకె కాస్త అటూ ఇటూ మార్చి చూడమ్మా, సరిపోతుందేమో” అన్నాడు.

“సరిపోతుంది సార్. ఏ అంకె మారిస్తే ఏది సరిపోతుందో నాకు తెలుసు. కానీ అప్పుడది సముద్రం చెప్పిన మాట కాదు, మనం చెప్పించిన మాటవుతుంది.”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోప్పడతాడేమో అనుకుంది. “సరే, పై వాళ్ళకి నేను చెప్పుకుంటాను. నువ్వు చూడు” అన్నాడు.

చూసింది. వారాల తరబడి చూసింది. నేల పగులు చోటు మార్చింది, ఎత్తు మార్చింది. మట్టి డాక్టరు చూపిన ఇసుకని ఆ అల ముట్టుకోనంటోంది. ఇంట్లో పలకరిస్తే ఊఁ అనేది, ఆఁ అనేది. అత్తగారు, “దీనికి మళ్ళీ సముద్రం పట్టింది” అని తన కంచం తను పెట్టుకునేది.

ఒక సాయంత్రం మొగుడి బస్సులోనే ఇంటికి వస్తోంది. బస్సు ఏటి వంతెన ఎక్కింది. కిటికీలోంచి రేవు, రేవు ముందు చెయ్యి చాచినట్టు రాళ్ళ అడ్డుకట్ట, దాని పక్కన ఓడల కోసం తవ్వించిన కాలువ కనిపించాయి. చూస్తూ చూస్తూ దిగ్గున లేచి నిలబడింది.

“ఆపండి, ఆపండి!”

“స్టాపు ఇంకా రాలేదమ్మా” అన్నాడు మొగుడు, ప్రయాణికులందరితోనూ అనే గొంతుతోనే.

“ఈ అడ్డుకట్ట అప్పుడు లేదు కదండీ! ఈ కాలువా లేదు. ఈ ఒడ్డే లేదు!”

బస్సులో జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. లోతమ్మకి అవేం పట్టలేదు. ఇన్నాళ్ళూ తను పాతకాలపు అలని ఈ కాలపు ఒడ్డు మీదికి తోలింది. ఆ అల చూసిన సముద్రం వేరు, ఎక్కిన నేల వేరు.

మర్నాటి నుంచి లోతమ్మ పని ఊరిని వెనక్కి నడపడం. తాడుకి సీసపు గుండు కట్టి లోతులు కొలిచిన కాలపు పటాలు ఆఫీసులో ఉండనే ఉన్నాయి. వాటితో పాత అడుగుని గడి గడికీ పరిచింది. అడ్డుకట్ట తీసేసింది, ఓడల కాలువ పూడ్చేసింది. ఒడ్డున ఒకప్పుడు పొడుగాటి ఇసుక దిబ్బ ఉండేదట. ఊరు కట్టుకునేవాళ్ళు ఇళ్ళకీ రోడ్లకీ తవ్వుకుపోగా అది కరిగిపోయింది. దాన్ని మళ్ళీ పోసింది. ఏటి నోరు అప్పట్లో ఇప్పటికంటే చాలా వెడల్పు. పాత గట్టు ఎక్కడుండేదో పటాల్లో తేలకపోతే, మట్టి డాక్టరు బురదలో మోకాళ్ళ దాకా దిగి గొట్టం దించింది. లోతమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని గొట్టం రెండో కొస పట్టుకుంది. వర్షాకాలమంతా అలాగే గడిచింది.

చివరికి అలని వదిలిన రోజు పెద్దసారూ వచ్చి వెనక నిలబడ్డాడు. తెర మీద నీలంగా అల వచ్చింది. ఇసుక దిబ్బకి గుద్దుకుని, చాలామటుకు అక్కడే ఆగింది. తెరుచుకుని ఉన్న ఏటి నోట్లోకి మాత్రం మిగిలిందంతా జొరబడింది. ఏటి వెంట ఎగబాకి, వంపు దగ్గర గట్టు తెంపి, పల్లంలోకి ఒలికి, ఊరి వెనక నుంచి కమ్ముకుంది. మట్టి డాక్టరు ఇసుక చూసిన ప్రతిచోటికీ నీళ్ళు వెళ్ళాయి.

పెద్దసారు పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. “భలే దానివమ్మా! పట్టేశావు.”

లోతమ్మ మొహంలో సంతోషం లేదు. తెర మీద ఒక గడి మీద వేలు పెట్టింది. “ఇది మా ఇల్లు సార్.”

అదే అలని ఇప్పటి ఒడ్డు మీద, ఈసారి గోడతో సహా, నడిపి చూసింది. ఒడ్డున గోడ ఉంది సరే, ఏటి నోటికి గోడ లేదు; ఒడ్డున ఆగిన నీళ్ళూ అటే మళ్ళాయి. పైగా తవ్విన కాలువ లోతు నీళ్ళకి రాచబాట. బాణం గుర్తులు జనాన్ని ఎక్కడికి పొమ్మంటున్నాయో, నీళ్ళు నిలువెత్తున చేరేదీ అక్కడికే.

ముందు ఇంట్లో చెప్పింది. అత్తగారు కుట్టుమిషను తొక్కి ఒంటిచేత్తో కొడుకుని పెంచిన మనిషి. మోకాళ్ళు అరిగాయి గాని నోరు అరగలేదు.

“చాల్లేవే! సముద్రమంటే సముద్రం. వస్తే ఎదురుగా వస్తుంది. దొంగలా దొడ్డిదారిన వస్తుందా?”

“వస్తుంది అత్తయ్యా. ఒకసారి వచ్చింది కూడా.”

“నువ్వు చూశావా?”

“చూడలేదు. ఇసుక చూశాను.”

ఆవిడ కోడలి మొహంలోకి కాసేపు చూసి, సూదిలోకి దారం ఎక్కించుకోవడం మొదలుపెట్టింది.

పురపాలక సంఘం సమావేశానికి ఊరు ఊరంతా వచ్చింది. పంకాలు తిరుగుతున్నాయి గాని గాలి లేదు. లోతమ్మ అలని గోడ మీద బొమ్మగా చూపించి చెప్పవలసిందంతా చెప్పింది. అధ్యక్షుడు మర్యాదగానే అన్నాడు: “అమ్మా, ఆనాడు కళ్ళారా చూసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. మీ కంప్యూటరూ చూడలేదు. దీన్ని పట్టుకుని ఊరందరినీ కొండెక్కమంటే ఎలా?”

“నిజమేనండీ. నా లెక్క తప్పే కావచ్చు. అప్పుడు మనకి పోయేది బాణం గుర్తులు మార్చిన శ్రమ, కొండెక్కిన ఆయాసం. ఇప్పుడున్న నమ్మకం తప్పయితే ఏం పోతుందో ఆలోచించండి.”

వెనక వరసలోంచి ఎవరో గొణిగారు. “కొండెక్కడమంటే మాటలా? ఇళ్ళల్లో ముసలాళ్ళున్నారు!”

“ముసలాళ్ళ సంగతి ముసలాళ్ళని అడగండి” అంటూ అత్తగారు కుర్చీ పట్టుకుని లేచింది. ఇంట్లో అన్న మాటే ఇక్కడా అంటుందేమో అనుకుంది లోతమ్మ. “నాకు కంప్యూటరూ తెలీదు, గళ్ళూ తెలీవు. మా కోడలు తెలుసు. నేను చేసిన కూరలో ఉప్పెక్కువైతే నా మొహం మీదే ఎక్కువైందంటుంది. నన్ను మంచి చేసుకోడానికి కూడా ఇన్నేళ్ళలో ఒక్క అబద్ధం ఆడి ఎరగదు. అత్తకే భయపడనిది మీకోసం సముద్రం మీద చాడీలు చెబుతుందా? నేను కొండెక్కుతాను. నా మోకాళ్ళతో నేనెక్కగలిగితే మీరూ ఎక్కగలరు.”

హాలు గొల్లుమంది. ఆ నవ్వులోనే పని జరిగిపోయింది. బాణాలన్నీ కొండ మీది పాత రాతిగని వైపు తిరిగాయి.

మాట ఇచ్చినందుకు అత్తగారు నిజంగానే ఎక్కింది. నెలకోసారి వీధిలో ఆడవాళ్ళందరినీ బయలుదేరదీసేది. నాలుగడుగులకోసారి ఆగి మోకాళ్ళని తిట్టేది, మళ్ళీ నడిచేది. అరుగుల మీద కూర్చున్న కుర్రకారు, “సముద్రం ఎప్పుడొస్తోంది పెద్దమ్మా?” అని అడిగితే, “నీ పెళ్ళికొస్తుందిరా, నడు!” అనేది. వాళ్ళూ నవ్వుకుంటూ వెంట నడిచేవాళ్ళు. కొన్నేళ్ళు ఇలాగే సాగింది.

ఒకరోజు పొద్దున్న, బళ్ళు మొదలై కాసేపయిందో లేదో, భూమి ఊగింది. ఊగి ఆగలేదు. మేడ మీది ఆఫీసులో బీరువాలు తెరుచుకుని కాగితాలు కింద రాలాయి. ఊపు తగ్గగానే లోతమ్మ మైకు ముందు కూర్చుంది. కొండ మీది లౌడ్‌స్పీకర్లకీ వీధుల్లోవాటికీ ఆ మైకే ఆధారం. రేవులో నీటిమట్టం చూసి చెప్పడం ఆవిడ బాధ్యత.

“కొండెక్కండి. సామాను వద్దు. కొండెక్కండి.”

కిటికీలోంచి రేవు అడుగు కనిపించింది. నీళ్ళు వెనక్కి లాగేస్తే పడవలు బురదలో పక్కకి ఒరిగాయి. తర్వాత అల వచ్చింది. గోడ దాన్ని ఆపింది. ఏటి నోరు మాత్రం తెరిచే ఉంది. నురగ గోడలాంటి నీళ్ళు ఏటి వెంట పైకి పరిగెత్తడం, తెర మీద వందలసార్లు చూసిన ఆ దారినే పోవడం, ఆవిడ కళ్ళారా చూసింది.

అప్పుడే వంతెన మీద బస్సు కనపడింది. ఆ వేళకి ఆ దారిలో ఉండేది ఒక్కటే బస్సు. వంతెన మునగదని పటంలో రాసింది తనే. అవతలి గట్టు జనాన్ని వంతెన మీదుగా కొండ వైపు తీసుకురావచ్చని డిపోవాళ్ళకి చెప్పిందీ తనే. వంతెన మునగలేదు. కానీ ఇవతలి కొసన రోడ్డు కింద మట్టిని నీళ్ళు తోడేశాయి. చూస్తుండగానే రోడ్డు విరిగి పడింది. బస్సు వెనక్కి కదిలింది. అవతలి కొసా పోయింది. ఏటి మధ్యలో వంతెన ముక్క, దాని మీద బస్సు.

పెద్దసారు చూశాడు. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, “మైకు నాకివ్వమ్మా” అన్నాడు.

“వద్దు సార్. మాట్లాడుతుంటేనే నిలబడగలను.” మళ్ళీ మైకులోకి, అదే గొంతుతో చెప్పింది: “ఒకటి వెళ్ళింది. ఇంకోటి వస్తుంది. ఎవరూ దిగొద్దు.”

కొండ మీద కొందరు ఇంట్లో వదిలొచ్చినవి గుర్తొచ్చి దిగబోయారట. అత్తగారు దారికి అడ్డంగా బండ మీద చతికిలపడి, “నన్ను దాటి వెళ్ళండి చూద్దాం” అందట. రెండో అల మొదటిదానికంటే పెద్దది. ఆటస్థలం గోల్‌పోస్టుల పైకడ్డీలు మాత్రం కాసేపు కనిపించి, తర్వాత అవీ కనపడలేదు.

నీళ్ళు తీశాక పడవలవాళ్ళు తాళ్ళు కట్టి బస్సులోవాళ్ళని ఒక్కొక్కళ్ళనే దింపారు. చివరికి దిగింది డ్రైవరు. ఏటిగట్టు వీధిలో ఇళ్ళు పోయాయి గాని మనిషి పోలేదు. పడవల కోసం రేవులోకి దిగిన అన్నదమ్ములిద్దరు మాత్రం తిరిగి రాలేదు. ఊరంతా లోతమ్మ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంటుంటే ఆవిడ ఆ ఇద్దరి ఇంటికి వెళ్ళి, వాళ్ళమ్మ పక్కన చాలాసేపు కూర్చుని వచ్చింది.

మొగుణ్ణి కలిసింది కొండ మీద రాతిగని దగ్గర వేసిన శిబిరంలో. ఒళ్ళంతా బురదతో నీళ్ళు తాగుతున్నాడు. ఆవిడ ఎదురుగా నిలబడింది.

“రోడ్డు విరిగినప్పుడు మట్టి ముందు ఏ పక్క జారింది? నీళ్ళు ఎంత లోతున్నాయి?”

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. “ఓసి నీ దుంపతెగ! చచ్చి బతికొచ్చిన మొగుణ్ణి పట్టుకుని ఏడవాల్సింది పోయి, లోతు అడుగుతావా?”

“ఏడుస్తూనే అడుగుతున్నానండీ” అంది లోతమ్మ. నిజంగానే ఏడుస్తోంది. “నా లెక్కలో నీళ్ళున్నాయి, వంతెన ఉంది. కింద మట్టి కొట్టుకుపోతుందన్నది లేదు. మిమ్మల్ని అక్కడికి పంపింది నేనే.”

ఆయన ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. “నీ లెక్క లేకపోతే అవతలి గట్టునే ఉండేవాళ్ళం. ఆ గట్టు ఇప్పుడు లేదు” అన్నాడు. వేలితో నేల మీద గీత గీసి, “ఇదిగో, ఏటి ఎగువ పక్క నుంచి మొదలైంది. ఇక్కడ సుడి తిరిగింది” అని చూపించాడు.

ఆ గీతతో మొదలుపెట్టి, నీటితోపాటు మట్టి ఎలా కదులుతుందో కూడా లెక్కలోకి తీసుకురావడానికి ఆవిడకి రెండేళ్ళు పట్టింది. మట్టి డాక్టరూ తోడుంది. కొత్త వంతెనకి రెండు కొసలా రాతి కట్టడం ఎంత లోతు నుంచి లేపాలో ఆ లెక్కే చెప్పింది. ఏటి పక్క పల్లంలో మళ్ళీ ఇళ్ళు కట్టలేదు. వీధి వీధంతా కొండవాలుకి మారింది.

వంతెన తెరిచిన రోజు మొదట దాటిన బస్సు ఆయనదే. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. సరిగ్గా మధ్యకి వచ్చాక లోతమ్మ లేచి, “ఒక్క నిమిషం ఆపండి” అంది. ఈసారి ఆయన స్టాపు రాలేదనలేదు, ఆపాడు. ఆవిడ కిందికి దిగి, సంచిలోంచి లోతు కొలిచే తాడూ సీసపు గుండూ తీసి, కడ్డీల మీదుగా ఏట్లోకి వదిలింది. బస్సులో వెనక సీటాయన విసుక్కున్నాడు. “ఇదేం చోద్యం, పనులకి పోవద్దా?”

ముందు సీట్లో ఉన్న అత్తగారు వెనక్కి తిరిగింది. “కూర్చో నాయనా. ఆవిడ కొలిచాక వెళదాం.”